పార్కిన్సన్స్ ముదిరాక పంపుతో మందు ఎక్కించే చికిత్స: పొట్టలోకి ట్యూబా, చర్మం కింద సూదా?

నాన్నకూతురు:

అందరికీ నమస్కారం. మా నాన్నకి 71 ఏళ్లు, పార్కిన్సన్స్ అని తేలి పదమూడేళ్లు దాటింది. మొదట్లో రోజుకి మూడు లెవోడోపా మాత్రలతో హాయిగా గడిచిపోయేది. ఇప్పుడు రెండున్నర గంటలకొకటి వేయాలి. వేసిన అరగంటకో ముప్పావుగంటకో పనిచేయడం మొదలవుతుంది, ఓ గంటన్నర బాగుంటారు, ఆ తర్వాత కుర్చీలోంచి లేవాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. భోజనం తర్వాత వేసిన మాత్ర ఒక్కోసారి అసలు పనే చేయదు. పనిచేసినప్పుడేమో ఒళ్లంతా మెలికలు తిరుగుతూ ఊగిపోతారు, చూసేవాళ్లకి కంగారు గానీ ఆయనకి మాత్రం అదే నయమట, బిగుసుకుపోయి పడుండటం కంటే.

మొన్న న్యూరాలజిస్టు ఇక మాత్రలతో లాగలేం, పంపు గురించి ఆలోచించండి అన్నారు. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే ఆపరేషన్ (డీబీఎస్) వద్దన్నారు, వయసు ఒకటి, జ్ఞాపకశక్తి కొంచెం తగ్గడం ఒకటి. మిగిలినవి మూడు చెప్పారు: పొట్టలోంచి చిన్నపేగులోకి ట్యూబు వేసి లెవోడోపా జెల్ పంపడం, చర్మం కింద సన్నటి గొట్టం పెట్టి లెవోడోపా రకం మందు 24 గంటలూ ఎక్కించడం, లేకపోతే అపోమార్ఫిన్ అనే ఇంకో మందు పంపు. కాగితాలు ఇచ్చారు, అన్నీ చదివాను. ఏది చదివినా అదే మంచిదనిపిస్తోంది.

నాకు కావలసింది ఆ కాగితాల్లో లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా ఇంట్లో ఎవరు ఏం చేయాలి? రాత్రి అలారం మోగితే ఏంటి పరిస్థితి? ఇంట్లో ఉండేది అమ్మా నాన్నే. అమ్మకి 66, చేతివేళ్ల కీళ్లనొప్పులున్నాయి, సీసా మూత తిప్పాలన్నా ఇబ్బందే. నేను వారానికోసారి వెళ్లి రాగలను, అంతకంటే కుదరదు. ఇంకో మాట, పంపు అనగానే నాన్న "అయితే ఆఖరికొచ్చేశామన్నమాట" అన్నారు, దానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. వాడుతున్నవాళ్లు, వాడి మానేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.


జెల్‌పంపు_కొడుకు:

మా అమ్మకి జెల్ పంపు పెట్టించి కొన్నేళ్లవుతోంది, ఇంకా వాడుతోంది. ఉన్నదున్నట్టు అన్నారు కాబట్టి అలాగే చెప్తాను, పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు ముక్కులోంచి సన్నటి ట్యూబు పేగు దాకా దించి కొన్ని రోజులు జెల్ ఇచ్చి చూశారు. ఆ కొన్ని రోజుల్లోనే మాకు అర్థమైపోయింది, అమ్మ మధ్యాహ్నం భోజనం చేసి లేచి తనంతట తను చెయ్యి కడుక్కుంది. అన్నిచోట్లా ఈ పరీక్ష చేయడం లేదట ఈమధ్య, నేరుగా పొట్టకే పెట్టేస్తున్నారు, కానీ సందేహంగా ఉన్న కుటుంబాలకి ఇది మంచి అవకాశం, అడిగి చూడండి. తర్వాత ఎండోస్కోపీతో పొట్ట మీద చిన్న రంధ్రం చేసి పెగ్ ట్యూబు పెట్టారు, దాని లోపల్నుంచి ఇంకో సన్నటి ట్యూబు చిన్నపేగులోకి వెళ్తుంది. పెద్ద ఆపరేషనేం కాదు గానీ మొదటి వారం నొప్పి ఉంటుంది, అదేం ఉండదన్నవాళ్ల మాట నమ్మకండి.

రోజువారీ పని ఇలా ఉంటుంది. పొద్దున ఫ్రిజ్‌లోంచి కాసెట్ (జెల్ నింపిన డబ్బా) తీసి పంపుకి తగిలించాలి, ట్యూబు కలపాలి, మీట నొక్కితే పొద్దుటి డోసు కాస్త ఎక్కువగా వెళ్తుంది, ఆ తర్వాత కొంచెం కొంచెంగా రోజంతా ఎక్కుతూనే ఉంటుంది. మధ్యలో దిగిపోతున్నట్టుంటే అదనపు డోసు మీట ఉంది, డాక్టరు పెట్టిన హద్దు దాటి నొక్కినా ఇవ్వదు. కాసెట్ ఫ్రిజ్‌లోంచి తీశాక 16 గంటలే పనికొస్తుంది కాబట్టి రాత్రి పంపు విప్పేసి, ట్యూబులోకి నీళ్లు పంపి శుభ్రం చేసి, కావాలంటే రాత్రికి ఒక మాత్ర. పంపూ కాసెట్టూ కలిపి అరకిలో దాకా బరువుంటుంది, అమ్మ నడుముకి సంచీ కట్టుకుంటుంది. దీనికంటే చిన్న పంపుతో, లెవోడోపాకి ఎంటకాపోన్ (లెవోడోపా ఎక్కువసేపు పనిచేసేలా చూసే మందు) కలిపిన జెల్ కూడా కొన్ని దేశాల్లో ఉంది, మీ డాక్టర్‌ని అడగండి.

ఇక బాధలు. చాలామంది పొట్ట మీది రంధ్రం చూసి భయపడతారు, అసలు తలనొప్పి అది కాదు, లోపలి సన్నటి ట్యూబు. అది ఒక్కోసారి మడత పడుతుంది, మూసుకుపోతుంది, లేదా వెనక్కి చుట్టుకుని పొట్టలోకి వచ్చేస్తుంది. అలా వచ్చేసిన రోజున పంపు మామూలుగానే తిరుగుతుంటుంది, అలారం కూడా ఉండదు, కానీ మనిషి మళ్లీ మాత్రల కాలంలోలాగా ఆఫ్‌లోకి (మందు దిగిపోయి బిగుసుకుపోవడం) వెళ్లిపోతుంటుంది. నేనైతే ఇప్పుడు, అమ్మ ఉన్నట్టుండి రెండు రోజులు బాగోలేదంటే ముందు ఎక్స్‌రే తీయించమంటాను, డోసు పెంచడం తర్వాత సంగతి. రంధ్రం చుట్టూ ఎర్రబడటం, కండ పెరగడం, చీము, ఇవి వచ్చిపోతుంటాయి. ట్యూబుని రోజూ కొంచెం లోపలికి నెట్టి వెనక్కి లాగమని నర్సు నేర్పింది, లేకపోతే లోపలుండే బిళ్ల పొట్ట గోడలో కూరుకుపోతుందట. నెట్టడం ఎంత, ఎప్పట్నుంచి అనేది మీ నర్సు చూపించినట్టే చేయండి.

ఇంకొకటి ఎవరూ ముందు చెప్పరు. జెల్ వాడేవాళ్లలో కొందరికి కాళ్లల్లో నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి, బరువు తగ్గుతారు. బీ12, బీ6 మొదలుపెట్టకముందే చూపించుకుని, తర్వాత కూడా అప్పుడప్పుడు చూపిస్తుండాలి. అమ్మకి బీ12 తక్కువొచ్చింది, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి.

ఇన్ని చెప్పాక కూడా, మళ్లీ మాత్రలకి వెళ్తావా అంటే అమ్మ వెళ్లనంటుంది. ఊగడం కూడా తగ్గింది. మాట మాత్రం మునుపటిలాగే నూతిలోంచి వచ్చినట్టుంది, దాంట్లో మార్పు లేదు.


పార్కిన్సన్స్_నర్సు:

నేను పార్కిన్సన్స్ వాళ్లతోనే పనిచేసే నర్సుని. పైన రాసినాయన చాలావరకు సరిగ్గా చెప్పారు, నేను కారణం వైపు నుంచి కొంచెం చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే దేన్ని ఆశించాలో తెలుస్తుంది.

లెవోడోపా రక్తంలో సగానికి పడిపోవడానికి దాదాపు గంటన్నర చాలు. జబ్బు కొత్తలో మెదడులో మిగిలిన కణాలు లెవోడోపాతో తయారైన డోపమైన్‌ని (కదలికలకి కావలసిన రసాయనం) దాచుకుని నెమ్మదిగా వాడుకుంటాయి కాబట్టి మాత్రకీ మాత్రకీ మధ్య ఖాళీ తెలియదు. ఆ కణాలు తగ్గేకొద్దీ రక్తంలో మందు ఎలా ఎక్కి దిగితే మనిషి అలా ఎక్కి దిగుతాడు. దానికి తోడు మాత్ర పొట్టలో పడ్డాక పేగులోకి వెళ్తేనే ఒంటికి పడుతుంది, ఈ జబ్బులో పొట్ట ఖాళీ అవడమే ఆలస్యం. భోజనంలో ప్రోటీన్ ఎక్కువుంటే పేగు గోడ దగ్గరా, మెదడులోకి వెళ్లే దగ్గరా లెవోడోపాకి పోటీ. మీ నాన్నగారికి భోజనం తర్వాతి మాత్ర పనిచేయకపోవడం అందుకే. జెల్ పొట్టని దాటేసి నేరుగా పేగులో పడుతుంది, చర్మం కింది మందైతే పేగుతో కూడా పని లేదు. ఎక్కి దిగడం లేకుండా ఒకే మట్టంలో మందు ఉంచడం, ఈ పంపులన్నీ చేసేది అంతే. జబ్బుని ఆపవు.

అందుకని ఒక మాట గట్టిగా చెప్తాను: మాత్ర బాగా పనిచేసిన గంటలో మీ నాన్నగారు ఎలా ఉంటారో చూడండి, పంపు ఇవ్వగలిగింది దాదాపు ఆ మనిషినే, కాకపోతే ఎక్కువ గంటలు. ఆన్‌లో, అంటే మందు బాగా పనిచేస్తున్నప్పుడు కూడా తూలి పడిపోతున్నారా, మాట అర్థం కావట్లేదా, మింగలేకపోతున్నారా, మతిమరుపు ఉందా, అవి అలాగే ఉంటాయి. పంపు పెట్టించుకుని నిరాశపడిన కుటుంబాల్లో ఎక్కువమంది ఈ తేడా ముందు తెలియనివాళ్లే.

ఎవరికి పంపు గురించి ఆలోచించాలి అనేదానికి 5-2-1 అని ఒక గుర్తు వాడతాం. రోజుకి 5 లేదా అంతకంటే ఎక్కువసార్లు లెవోడోపా, 2 గంటలో అంతకంటే ఎక్కువో ఆఫ్, 1 గంటో అంతకంటే ఎక్కువో ఇబ్బంది పెట్టే ఊగుడు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నిపుణుడితో మాట్లాడాలి. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారికి మూడూ ఉన్నట్టున్నాయి. "ఆఖరికొచ్చాం" అన్నారు కదా, నిజానికి మరీ ఆలస్యం అయితే పంపులు అంత పనిచేయవు, ఇంకా మందుకి ఒళ్లు బాగా స్పందిస్తోంది కాబట్టే ఇది అడుగుతున్నారు, ఆయనకి అలాగే చెప్పండి.

ఎంత లాభం అంటే, జెల్ మీద 2014లో వచ్చిన అధ్యయనంలో 12 వారాల తర్వాత రోజుకి 4 గంటల ఆఫ్ తగ్గింది, మాత్రలే సరిచేసి ఇచ్చినవాళ్లకి 2 గంటలు తగ్గింది. అపోమార్ఫిన్ పంపు మీద 2018లో వచ్చినదాంట్లో రెండున్నర గంటలు తగ్గింది, మందు లేని ఉత్త పంపు పెట్టినవాళ్లకి అరగంట. ఆ మొదటి దాంట్లో ఇంకో సంగతుంది చూడండి, మాత్రలని జాగ్రత్తగా సర్దినా రెండు గంటలు కలిసొచ్చాయి. పంపుకి ముందు ఆ పని పూర్తిగా అయిందా అని అడగండి.


వి_శ్రీమతి:

మా వారికి చర్మం కింద ఎక్కించేది (ఫాస్‌లెవోడోపా) నడుస్తోంది. పొట్టకి ట్యూబంటే ఆయన ఒప్పుకోలేదు, అందుకే ఇది. లెవోడోపా మామూలుగా నీళ్లలో సరిగ్గా కరగదు, దీనికి ఫాస్ఫేట్ తగిలించి కరిగేలా చేశారు, ఒంట్లోకి వెళ్లాక మళ్లీ లెవోడోపా అయిపోతుంది అని మాకు చెప్పారు. అమెరికాలో 2024 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది, యూరప్‌లో, జపాన్‌లో అంతకంటే ముందే. ఏ దేశంలో ఏది దొరుకుతుందో బట్టే సగం నిర్ణయం అయిపోతుంది అనుకోండి.

అన్నిటికంటే పెద్ద లాభం నాకు తెల్లవారుజామున కనిపించింది. ఇదివరకు పొద్దున మొదటి మాత్ర పనిచేసేదాకా మంచం మీద కొయ్యలా పడుండేవారు, రాత్రి పక్కకి తిరగాలన్నా నన్ను లేపేవారు. ఇప్పుడు రాత్రంతా తక్కువ స్పీడులో మందు వెళ్తూనే ఉంటుంది కాబట్టి తనే లేచి బాత్రూముకి వెళ్తున్నారు. నేను నిద్రపోతున్నాను! ఈ ఒక్కదానికే నేను ఎన్ని గొట్టాల సెట్లైనా మారుస్తాను.

కానీ చర్మం. చర్మం గురించే మీరు ఆలోచించాలి. సన్నటి ప్లాస్టిక్ గొట్టం (కాన్యులా) పొట్ట మీద గుచ్చి అతికిస్తాం, దాన్ని ఎక్కువలో ఎక్కువ మూడు రోజులు ఉంచొచ్చు, మాకు రెండో రోజుకే ఎర్రబడుతుంది కాబట్టి రోజు విడిచి రోజు మారుస్తాను. బొడ్డుకి దగ్గరగా గుచ్చకూడదు, కిందటి పన్నెండు రోజుల్లో వాడిన చోటుకి కనీసం రెండున్నర సెంటీమీటర్ల దూరం ఉండాలి. సన్నగా ఉన్న మనిషికి పొట్ట మీద అంత చోటెక్కడిది? నేను కాగితం మీద పొట్ట బొమ్మ గీసుకుని గుచ్చినచోటల్లా తేదీ వేస్తున్నాను. గడ్డలు కడతాయి, కొన్ని వాటంతటవే పోతాయి. ఒకసారి ఎర్రదనం పాకి జ్వరం వచ్చింది, యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. వేడిగా ఉండి, ఎర్రదనం పెరుగుతూ పోతుంటే రేపు చూద్దాంలే అని ఊరుకోకండి.

ఈ మందు మీద 2022లో వచ్చిన అధ్యయనం మా డాక్టర్ చూపించారు, ఇబ్బంది పెట్టే ఊగుడు లేని మంచి సమయం రోజుకి 2.7 గంటలు పెరిగింది, మాత్రలవాళ్లకి ఒక గంట. కానీ అదే అధ్యయనంలో 12 వారాల్లోపే పంపు వాళ్లలో 22 శాతం మంది దుష్ప్రభావాల వల్ల మానేశారు. ముందే ఇది చూపించినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది నాకు. మొదటి రెండు మూడు నెలలు గట్టిగా ఉంటుంది, డోసు సరిపోక ఒక రోజు, ఎక్కువై ఒక రోజు, రోజూ ఫోన్లు. అది దాటాక చేతికి అలవాటైపోతుంది.

మీ అమ్మగారి వేళ్ల గురించి. రోజుకోసారి సీసాలోంచి సిరంజిలోకి మందు లాగాలి, గాలి బుడగలు లేకుండా చూసి పంపులో పెట్టాలి. దానికి ఒక చిన్న పరికరం ఇస్తారు, అయినా వేళ్లలో పట్టుండాలి. ఇంటికి రాకముందు అమ్మగారి చేత ఖాళీ సిరంజితో చేయించి చూడండి, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు.


మొండిఘటం:

అమ్మా, నేను పేషెంటునే, ఇది రాస్తున్నది కూడా ఆన్‌లో ఉన్నప్పుడే, మధ్యలో ఆగిపోతే అర్థం చేసుకోండి.

నాది అపోమార్ఫిన్. లేవగానే పెట్టుకుంటాను, పడుకునేముందు తీసేస్తాను. మా ఆవిడ సాయం కొంచెం, మిగతాది నేనే. చర్మం కిందిదే ఇది కూడా, సూది చోటు రోజూ మార్చాలి. గడ్డలు నాకూ ఉన్నాయి, రోజూ మర్దన చేస్తే కొంచెం మెత్తబడతాయి. మందు ఒలికితే బట్టల మీద ఆకుపచ్చ మరకలు, అవి పోవు, తెల్ల చొక్కాలు మానేశాను.

ఇది లెవోడోపా కాదు, డోపమైన్ చేసే పనిని నేరుగా తనే చేసే మందు. పాత మందే, 1980ల నుంచి పంపుతో ఇస్తున్నారు, అమెరికాలో మాత్రం పంపుకి 2025లో అనుమతిచ్చారట, ఏం తొందరో. మొదట్లో వాంతులు వస్తాయి, అందుకని ముందే వాంతులు రాకుండా మాత్ర మొదలుపెట్టి, ఈసీజీ తీసి, ఆస్పత్రిలో ఉంచి డోసు పెంచుకుంటూ పోయారు. లేచి నిలబడితే బీపీ పడిపోతుంది, కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేస్తారు, ఎర్రకణాలు పగిలిపోయే సమస్య అరుదుగా వస్తుందని. వాంతులకి మామూలుగా ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ దీంతో వాడకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ఈ ముక్క అందరికీ తెలియదు కాబట్టి నా జేబులో చీటీ ఉంటుంది.

నచ్చింది ఏంటంటే నచ్చకపోతే తీసేయొచ్చు. పొట్ట కోయలేదు, తల తెరవలేదు. నచ్చనిది, మాత్రలు పూర్తిగా పోలేదు, తగ్గాయి అంతే.

ఇంకోటి మొహమాటం లేకుండా చెప్తాను, ఎందుకంటే డాక్టరు దగ్గర మగవాళ్లెవరూ నోరు విప్పరు. ఈ రకం మందులతో కొందరికి కోరికలు అదుపు తప్పుతాయి, జూదం, కొనుగోళ్లు, ఆడవాళ్ల పిచ్చి, తిండి. నాకు రాత్రంతా ఆన్‌లైన్‌లో పనికిరాని పనిముట్లు కొనడం పట్టుకుంది. డోసు తగ్గిస్తే పోయింది. మీ నాన్నకి అలాంటి గుణం ముందునుంచీ కొంచెం ఉంటే ఇంట్లోవాళ్లే ముందు చెప్పాలి, ఆయన చెప్పడు.


నాన్నకూతురు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. బాబాయ్ గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను, తెల్ల చొక్కాల దగ్గర నవ్వారు.

ఒక విషయం మొదటి పోస్టులో రాయలేదు. ఈమధ్య సాయంత్రాలు ఒక్కోసారి గదిలో మూల ఎవరో చిన్నపిల్ల కూర్చున్నట్టుంది అంటున్నారు. భయపడరు, "మళ్లీ వచ్చింది చూడు" అంటారు, అంతే. ఇది డాక్టర్‌కి చెప్పలేదు, నాన్న వద్దన్నారు. దీనివల్ల పంపుకి ఏమైనా అడ్డా? ఇంకోటి, పంపు చెడిపోతే, లేదా వేరే ఏదైనా జబ్బుతో హాస్పిటల్లో పడితే, అక్కడివాళ్లకి ఈ పంపు గురించి తెలియకపోతే ఏం చేస్తాం?


పార్కిన్సన్స్_నర్సు:

చిన్నపిల్ల సంగతి రేపే డాక్టర్‌కి చెప్పండి. నాన్నగారు వద్దన్నా చెప్పండి. ఆయనతో ఇలా అనండి, ఇది పిచ్చి కాదు, ఈ జబ్బులో, ఈ మందులతో వచ్చేదే, చాలామందికి వస్తుంది. లేదని ఆయనకే తెలుస్తున్నంత వరకు పంపుకి తలుపులు మూసుకుపోవు, కానీ ఏ పంపు, ఎంత డోసు అనేది దీన్నిబట్టి మారుతుంది. అపోమార్ఫిన్ లాంటివాటితో భ్రమలు ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టి ఆ దారి డాక్టర్లు మామూలుగా వెనక్కి పెడతారు. 24 గంటలూ ఎక్కేదాంతో కూడా భ్రమలు రావొచ్చు, రాత్రి స్పీడు బాగా తగ్గించి పెడతారు. జెల్ అయితే రాత్రి ఆపేసే వీలుంది. ముందు మాత్రల జాబితా చూడాలి, నిద్రకో, మూత్రానికో, వణుకుకో ఇచ్చిన పాత మందులు కొన్ని భ్రమలు తెప్పిస్తాయి, వాటిని తీసేస్తేనే ఒక్కోసారి ఆ పిల్ల వెళ్లిపోతుంది. ఉన్నట్టుండి మొదలైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూస్తాం.

రెండో ప్రశ్న మంచిది, చాలామంది పంపు పెట్టాక అడుగుతారు. మందు ఒక్కసారిగా ఆగిపోకూడదు. పూర్తిగా ఆగితే బిగుసుకుపోవడం, తీవ్రమైన జ్వరం, స్పృహ తప్పడం దాకా వెళ్లి ప్రాణం మీదికి రావొచ్చు. అందుకే పంపు ఉన్న ప్రతి ఇంట్లో మాత్రలు ఉండాలి, పంపు ఆగితే ఏ మాత్ర, ఎన్ని, ఎన్ని గంటలకి అని డాక్టరు చేత్తో రాయించుకుని పంపు సంచీలో పెట్టండి. చర్మం కిందిదైతే గంట దాటి ఆగితే సెట్టు కొత్తది పెట్టాలి. హాస్పిటల్లో చేరితే ఆ కాగితం ముందు చూపించండి, పంపు ఎవరికీ తెలియకపోతే మాత్రలకి మార్చమనండి, ఆపేయనివ్వకండి. వాంతులకి మెటోక్లోప్రమైడ్, గొడవ చేస్తున్నారని హాలోపెరిడాల్, ఈ రెండూ పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి వద్దు, పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఎమ్ఆర్ఐ గదిలోకి పంపు వెళ్లకూడదు.

ఇప్పట్నుంచి అపాయింట్‌మెంట్ లోపు ఒక పని చేయండి. ఓ మూడు రోజులు, అరగంటకోసారి నాన్నగారు ఆన్‌లో ఉన్నారా, ఆఫ్‌లోనా, ఊగుతున్నారా, నిద్రా అని రాయండి, మాత్ర, భోజనం సమయాలు పక్కన. దానికి ఒక ఆఫ్ వీడియో, ఒక ఆన్ వీడియో. డాక్టరు గదిలో మనిషి ఎప్పుడూ మామూలు కంటే బాగుంటాడు, ఎందుకో తెలియదు, అందుకే వీడియో కావాలి.


రెండోవైపు:

అందరూ పంపు వైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండోది చెప్తాను. మా అత్తగారికి జెల్ ట్యూబు పెట్టించి ఏడాది తిరక్కుండానే తీయించేశాం. మందు పనిచేయలేదని కాదు, పనిచేసింది. కానీ ఆవిడ అసలు బాధ పడిపోవడం, ఆన్‌లో ఉన్నా పడిపోయేవారు. ఇదివరకు ఆఫ్‌లో కూర్చుని ఉండేవారు, పంపు వచ్చాక లేచి తిరిగే గంటలు పెరిగాయి, పడటం కూడా పెరిగింది. తుంటి విరిగింది. ఆపైన మతిమరుపు ఎక్కువై ట్యూబుని చేత్తో లాగేసుకోవడం మొదలైంది, పొట్టకి బెల్టు కట్టినా ఆగలేదు. మా తోడికోడలికీ నాకూ మధ్య ఎవరు రాత్రి ఉండాలన్న దాని మీద జరిగిన గొడవల గురించి ఇక్కడ రాయను.

పంపు చెడ్డదనడం లేదు. పైన నర్సు గారు అన్న మాట, ఆన్‌లో మనిషి ఎలా ఉంటే పంపుతోనూ అలాగే ఉంటాడన్నది, మాకు ముందు ఎవరైనా చెప్పుంటే మేము పెట్టించేవాళ్లం కాదు, అంతే. మీ నాన్నగారు ఆన్‌లో నడవగలుగుతున్నారా? మీ పోస్టులో ఆ ముక్క లేదు.


నాన్నకూతురు:

నడుస్తారండీ. ఊగుతూనే, కానీ ఎవరూ పట్టుకోకుండా మెట్లు కూడా ఎక్కుతారు. ఈమధ్య కాలంలో పడింది ఆఫ్‌లో ఉన్నప్పుడే, ఆన్‌లో పడలేదు. మీరు అడిగాకే అమ్మని కూర్చోబెట్టి ఈ తేడా అడిగి తెలుసుకున్నాను.

ఇవాళ డాక్టర్‌కి ఫోన్ చేసి చిన్నపిల్ల సంగతి చెప్పేశాను. రాత్రి వేసే ఒక పాత మాత్ర ఆపమన్నారు, కొన్ని వారాలు చూసి అప్పుడు పంపు మాట అన్నారు. అపోమార్ఫిన్ ఇక లేనట్టే. డైరీ నిన్నట్నుంచి రాస్తున్నాం, నాన్న తనే రాస్తానని పట్టుబట్టారు, ఆఫ్‌లో ఉన్నప్పుడు అక్షరాలు చీమలంత అవుతున్నాయి, అదీ ఒక రుజువే అనుకోండి.

ఖాళీ సిరంజి పరీక్ష అమ్మతో చేయించాను. మొదటిసారి కుదిరింది, మూడోసారికి బొటనవేలు పట్టేసింది. కాసెట్ అయితే తగిలించగలననుకుంటా అంటోంది, చూడకుండానే. జెల్‌పంపు కొడుకు గారూ, ఆ కాసెట్ తగిలించడానికీ, ట్యూబు కలపడానికీ వేళ్లలో ఎంత బలం కావాలి? మెలి తిప్పే మూతలా ఉంటుందా, నొక్కితే పట్టేదా?


జెల్‌పంపు_కొడుకు:

కాసెట్ పంపుకి కొక్కెంలా తగిలి, ఒక స్క్రూ లాంటిదాన్ని నాణెంతో తిప్పితే బిగుస్తుంది, అది పర్వాలేదు. ట్యూబు కలిపేది మాత్రం మెలి తిప్పేదే, కొత్తలో గట్టిగా ఉంటుంది, మా అమ్మ చేతికి రాదు, నేనో మా ఆవిడో చేస్తాం. మీరు వెళ్లే చోట నర్సు దగ్గర నమూనా పంపు ఉంటుంది, అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లి ఆవిడ చేతే కలిపించి, విడదీయించి చూడండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఈ రెండు పూటలా వచ్చి పది నిమిషాలు చేసిపెట్టే మనిషి దొరుకుతారా అనేది కూడా ఇప్పుడే వెతకండి. స్నానానికి విప్పితే మాత్రం మళ్లీ కలపాలి, కాబట్టి స్నానం ఆ రెండు వేళల్లో ఏదో ఒకదానికి జరుపుకోండి, మేం రాత్రికి మార్చాం.